మా తాత చెయ్యి తీయించిన ప్రకటన

ఎన్నికల ప్రకటనల పరిశీలన పనికి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. కంప్యూటర్ తయారుచేసిన బొమ్మను ఎట్లా గుర్తుపట్టాలి, గొంతు అసలుదో కాదో ఎట్లా తేల్చాలి అని అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. ఆ విషయంలో నాకు తెలిసింది తక్కువే. బాగా తెలిసింది వేరే ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగం చివరి ఏడాదిలో ఒక అభ్యర్థి ప్రకటనను నేను రెండుసార్లు ఆపాను. ఆపడానికి కాగితం మీద రాసిన కారణాలు రెండూ నిబంధనల్లో వెతికితే దొరికేవే. అసలు కారణం అసూయ.

నేను పౌర సంబంధాల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మొదట్లో ప్రచార వ్యాను, ప్రొజెక్టరు, టేప్ రికార్డరు నా చేతిలో ఉండేవి. ఉరవకొండ నుంచి చిలమత్తూరు దాకా నేను మైకు పెట్టని ఊరు తక్కువ. కరువు చూడడానికి పెద్దలు వచ్చినప్పుడల్లా రైతుల మాటలు రికార్డు చేసింది నేనే. గొంతు విని మనిషిది ఏ మండలమో చెప్పేవాణ్ణి. ఆఫీసులో నా వెనక నన్ను ‘చెవి’ అనేవారు. వినపడనట్టు నటించేవాణ్ణి గానీ, లోపల సంతోషమే.

మాది వజ్రకరూరు వైపు ఒక ఊళ్లో పెద్దిల్లు. మా తాత కాలంలో ఊరి చుట్టూ ఉన్న ఎర్రనేల చాలావరకు మాదే. నా తరానికి వచ్చేసరికి ఎండిన బోర్లు, ఇంటిపేరు మిగిలాయి. నేను ఆ ఇంటిపేరును నిటారుగా మోశాను. ఒకరి బండి వెనక ఎక్కలేదు, ఒకరి డబ్బుతో టీ తాగలేదు, పై అధికారి ముందు కూడా నడుం వంచలేదు. నడుం వంచనివాడికి పదోన్నతులు ఆలస్యంగా వస్తాయి. నాకు అట్లాగే వచ్చాయి.

స్థానిక ఎన్నికలు ప్రకటించగానే కలెక్టరేట్ మొదటి అంతస్తులో ఒక గది ఇచ్చి ముగ్గురిని కూర్చోబెట్టారు. కమిటీకి పెద్ద, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక అధికారి. రెండో మనిషి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే మేడం. మూడోవాణ్ణి నేను. టీవీలో గానీ ఫోన్లలో గానీ ఊళ్లో తిరిగే తెర బండి మీద గానీ వేసే ప్రతి ప్రకటననూ అభ్యర్థులు ముందు మాకు చూపించి అనుమతి తీసుకోవాలి. కంప్యూటర్‌తో పుట్టించిన మనిషో గొంతో అందులో ఉంటే, ‘ఇది కృత్రిమంగా తయారుచేసినది’ అని చూసేవాళ్లకు తెలిసేట్టు రాయాలి. ఆ రాత బొమ్మలో పదో వంతు చోటు తీసుకోవాలని మాకు వచ్చిన ఉత్తర్వు.

మేడం ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చింది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. మొదటివారంలోనే ఒక దొంగ వీడియోను నిమిషంలో పట్టేసింది. ఎట్లా పట్టారని అధికారి అడిగితే నవ్వింది.

“చీర కొనేవాళ్లు బుటా చూస్తారు సార్. నేసేవాళ్లు అంచూ ఒళ్లూ కలిసేచోటు చూస్తారు. ఈడ కూడా మొగం చూడకూడదు. మెడా చొక్కా కలిసేచోటు చూడండి, కుట్టు నిలబడలేదు.”

ఆ రోజు నుంచి అధికారి ఏది వచ్చినా “మేడం, మీరేమంటారు?” అని ముందు ఆమెనే అడిగేవాడు. తరువాత మర్యాద కోసం నావైపు తిరిగేవాడు. నా ముప్పై ఏళ్ల చెవి ఆ గదిలో చేతిసంచిలా ఒక మూల పడి ఉంది. టీ వచ్చినా ఆమెకే ముందు. ఇవన్నీ లెక్కపెట్టుకుంటున్నానని నాకు తెలుసు. లెక్కపెట్టడం మానలేకపోయాను.

ప్రచారం ఊపందుకున్నాక ఒక మధ్యాహ్నం, జడ్పీటీసీకి పోటీ చేస్తున్న ఒకాయన తరఫున ఏజెంటు దరఖాస్తు తెచ్చి ఇచ్చి పోయాడు. మేడం పెన్‌డ్రైవ్‌ను టీవీకి తగిలించింది.

తొలకరి వాన వెలిసిన ఎర్రచేను. మా వైపు వాన పడితే జనం వజ్రాల కోసం చేలల్లో వంగి వెతుకుతారు. తెరమీద అట్లాగే ఆడా మగా వంగి ఉన్నారు. వాళ్లలో చిరుగుల నిక్కరు వేసుకున్న పిల్లవాడు ఒకడు. గట్టు మీది నుంచి తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన నడిచి వస్తాడు. పిల్లవాడి దగ్గర ఆగుతాడు. వాడి తలమీద చెయ్యి వేసి నిమురుతాడు. “రాయి కాదురా, బడి యెతుక్కో” అంటాడు. పిల్లవాడు తల ఎత్తేసరికి పెద్దవాడై, అభ్యర్థి అయి, చేతిలో తన గుర్తుతో నిలబడి ఉంటాడు.

ఆ పెద్దాయన మా తాత.

ఆయన గట్టు మీద కనిపించగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఇంట్లో ఆయన వస్తే కూర్చుని ఉండేవాళ్లు లేరు. పాతికేళ్ల కిందట పోయిన మనిషి కోసం నా కాళ్లు వాటంతట అవే లేచాయి.

“ఏమైందండీ?” అన్నాడు అధికారి.

“నడుం పట్టేసింది సార్,” అన్నాను.

ఆయన మా తాత, నేను ఈ ఫైలు చూడకూడదు అని చెప్పవలసిన క్షణం అదే. అంతకంటే మంచి క్షణం మళ్లీ రాలేదు.

అభ్యర్థి ఎవరో అప్పుడు దరఖాస్తు చూసి తెలుసుకున్నాను. మా ఇంట్లో జీతానికి ఉన్న ఒకాయన కొడుకు. నాకంటే రెండు మూడేళ్లు చిన్న. సెలవులకు ఊరికి పోయినప్పుడు మజ్జిగ కుండ మోసుకుంటూ చేనికి పోతుంటే చూసినవాణ్ణే. తరువాత చదువుకుని టీచరయ్యాడని, ఉద్యోగం మానేసి రాజకీయాల్లోకి వచ్చాడని విన్నాను.

నన్ను ఆరో తరగతి నుంచే అనంతపురం హాస్టల్లో వేశారు. సెలవులకు వస్తే మా తాత “వచ్చినావా” అనేవాడు. తిరిగి పోయేటప్పుడు “పోతాండావా” అనేవాడు. ఆయన నాతో మాట్లాడిన మాటల్లో నాకు గట్టిగా గుర్తున్నవి ఆ రెండే. ఇంటిపిల్లల్ని నలుగురిలో ముద్దు చేస్తే దిష్టి తగులుతుందని మా ఇళ్లల్లో పెద్దలు ముట్టుకునేవాళ్లు కాదు. అది మా ఇంటి పద్ధతి అని నేను గర్వంగానే చెప్పుకునేవాణ్ణి. మా తాత చెయ్యి ఎంత బరువుంటుందో నాకు తెలియదు. ఆ చెయ్యి ఇప్పుడు టీవీలో ఒక జీతగాడి కొడుకు తలమీద ఉంది, జుట్టులోకి వేళ్లు పోనిచ్చి మరీ నిమురుతోంది.

గొంతు మాత్రం ఆయనది కాదు, ఎవరిదో తెచ్చి అతికించారు. ఆయన అసలు గొంతు ఎక్కడా లేదు. జిల్లా అంతా తిరిగి ఊరూరి గొంతులూ టేపుల్లో ఎక్కించిన నేను, మా తాత గొంతు ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు. చేయాలని తోచలేదు. ఇది కూడా ఆ నిమిషంలోనే తెలిసింది.

“బొమ్మ అంతా చేసిందే సార్,” అంది మేడం. “దాచిపెట్టలేదు. పైన రాత ఉండాది. పెద్దాయన కుటుంబం వాళ్లు ఒప్పుకున్నట్టు కాగితం కూడా పెట్టినారు. నాకు అభ్యంతరమేమీ లేదు.”

కాగితం తీసి చూశాను. మా తాత బొమ్మ వాడుకోవడానికి మాకు సమ్మతమే అని రాసి, కింద మా తమ్ముడు సంతకం పెట్టాడు, ఇంటిపేరుతో సహా. దాన్ని మడిచి ఫైలు అడుగున పెట్టాను.

“ఆ రాత పదో వంతు ఉందా?” అన్నాను.

చెక్క స్కేలు తెచ్చి, వీడియో ఆపించి, టీవీ అద్దం మీద పెట్టి కొలిచాను. తెర ఎత్తు ఇంత, రాత ఉన్న పట్టీ ఎత్తు ఇంత. పట్టీ సగం వేలెడు తక్కువ వచ్చింది.

ఆ టీవీ గురించి చెప్పాలి. అది బొమ్మను కాస్త పెద్దది చేసి చూపించేది. పైనా కిందా అంచులు తెర బయటికి పోయేవి. వార్తల్లో అడుగున పరుగెత్తే అక్షరాలకు సగం కాళ్లు ఉండేవి కావు. దాన్ని చూసి మేం ముగ్గురం రోజూ నవ్వుకునేవాళ్లం. పై పట్టీలో కొంత ఆ అంచు తినేసిందని స్కేలు పెట్టినప్పుడే నాకు తెలుసు. తెలిసే కొలిచాను.

“నిబంధన నిబంధనే కదా,” అన్నాడు అధికారి. తిరస్కరించినట్టు సంతకం చేశాడు. మేడం స్కేలు వైపు చూసింది, నా వైపు చూసింది, పెన్‌డ్రైవ్ ఊడదీసింది.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఉరవకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి పెట్టుకున్నాడు. పెద్దింటి మనిషి అంగడి పెట్టడమేమిటని నేను దాని ముందు నుంచి పోయినా ఎప్పుడూ ఆగలేదు.

“తాత బొమ్మ వాళ్లకిచ్చి సంతకం పెడితివా?”

“పెడితి. ఏం, తాత నీ ఒక్కనికేనా?”

“ఆయన బొమ్మతో ఓట్లు అడుక్కుంటారంట్రా. నీకు సిగ్గు లేదా?”

“నాకు సిగ్గేమిటికన్నా? వాడు వచ్చి, కూచుని, టీ తాగి, పెద్దాయన ఫోటో ఉంటే ఇయ్యన్నా అని అడిగినాడు. పాసుపుస్తకం మీద ఉంటే ఇచ్చినా. నువ్వెప్పుడన్నా వచ్చి అడిగితివా?”

“నన్ను అడగాల కదా ముందు.”

“నిన్నడిగితే కాదంటావని అందరికీ తెలుసు లేప్పా,” అని పెట్టేశాడు.

రెండు రోజులకు ప్రకటన మళ్లీ వచ్చింది. రాతను ఇంకా పెద్దది చేశారు. ఇప్పుడది తెరలో పావు వంతు ఉంది. ఈసారి మేడం టీవీ దగ్గరికి పోకుండా తన ల్యాప్‌టాప్‌లో పెట్టింది.

“టీవీ అంచులు తింటాది సార్,” అంది, నన్ను చూడకుండానే.

నేను బల్ల మీది స్కేలును సొరుగులోకి తోశాను. అధికారి ఆ మాట పట్టించుకోలేదు. “పెద్దది చేశారుగా, ఇక గొడవేముంది?” అన్నాడు.

గొడవ నా దగ్గరుంది. రెండు రోజులూ దాన్ని తయారుచేసి పెట్టుకున్నాను. “రాత సంగతి కాదు సార్. చనిపోయిన మనిషి వచ్చి అభ్యర్థి తలమీద చెయ్యి పెట్టి దీవించినట్టుంది. ఈ సంఘటన జరిగిందనడానికి ఆధారమేమిటి? ఆయన అట్లా చేశాడని, ఆ మాట అన్నాడని ఎవరు చెప్పాలి? కృత్రిమం అని రాసినంత మాత్రాన జరగనిది జరిగినట్టు చూపించవచ్చా? ఈరోజు ఒక తాత, రేపు చచ్చిపోయిన ప్రతి పెద్దమనిషీ లేచి వచ్చి ఎవరో ఒకరి తలమీద చెయ్యి పెడతాడు.”

నాకే ఆశ్చర్యం వేసింది, అంత బాగా మాట్లాడాను. ఇప్పటికీ ఆ ప్రశ్నలో న్యాయం ఉందనే అనుకుంటున్నాను. న్యాయమైన ప్రశ్నను ఎవరైనా అడగవచ్చు, నేను తప్ప.

“ఆయన చెప్పినదాంట్లో పాయింటు ఉంది మేడం,” అన్నాడు అధికారి. ఆ గదిలో ఆయన ఆమె మాట పక్కనపెట్టి నా మాట తీసుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషాన్ని ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది. అప్పుడు మాత్రం అది సంతోషమే. అభ్యర్థిని మర్నాడు పొద్దున రమ్మని కబురు పంపారు. అదే రోజు సాయంత్రం అయిదుకు ప్రచారం ముగుస్తుంది.

పది గంటలకు అభ్యర్థి వచ్చాడు. తల సగం నెరిసింది. ఎండలో తిరిగి తిరిగి గొంతు బొంగురుపోయింది. గది లోపలికి అడుగుపెట్టి నన్ను చూశాడు. చూసిన వెంటనే గుర్తుపట్టాడు. అది నాకు ఆయన కళ్లలో తెలిసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ‘సార్, ఆ పెద్దాయన ఈయన తాతే’ అని ఒక్క ముక్క అంటే చాలు. నా సర్వీసు, నేను మోసిన ఇంటిపేరు, రెండూ ఆ బల్ల మీద పడి పగిలేవి.

ఆయన మా ముగ్గురికీ సమానంగా నమస్కారం పెట్టాడు. “చెప్పండి సార్,” అని నన్నే అడిగాడు, ముక్కూమొహం తెలియని వాడిలా.

నేను నా ఆధారం ప్రశ్న మళ్లీ చదివాను. ఈసారి గొంతు అంత బాగా పలకలేదు.

“ఆధారం అంటే యాడ తెచ్చేది సార్?” అన్నాడు. “అప్పుడు మా ఊర్లో ఫోటో తీసేవాళ్లు ఎవురున్నారు? ఆయన చెయ్యి పెట్టినాడు, నన్ను ఎంటబెట్టుకుని పోయి బళ్లో చేర్పించినాడు. చూపించేదానికి బొమ్మ లేక చేపించుకున్నా. చేపించుకున్నదని పైన రాసినా. రాత చాలదంటిరి, పెద్దది చేసినా.”

“మీ మాట తప్ప సాక్ష్యం లేదు కదా,” అన్నాను.

“లేదు సార్.” కొంచెంసేపు నన్నే చూశాడు. కోపం లేదు. అది ఉంటే నాకు బాగుండేది. “ఆ చెయ్యి తీసేస్తే ఇస్తారా?”

మేడం పెన్ను మూత పెట్టి తీస్తోంది.

“చెయ్యి, ఆ మాట, రెండూ తీసేయాలి,” అన్నాను.

“సరే సార్. తీసేస్తా.”

గంటన్నరలో ఆయన దగ్గర పనిచేసే కుర్రవాళ్లు దాన్ని కత్తిరించి పంపారు. కొత్తదాంట్లో పెద్దాయన గట్టు మీది నుంచి వస్తాడు, పిల్లవాడి పక్కనుంచి నడిచి పోతాడు, పిల్లవాడు తల ఎత్తి అభ్యర్థి అవుతాడు. ముగ్గురం సంతకాలు చేశాం. ఆయన అనుమతి కాగితం తీసుకుని బయటికి పోతుంటే నేను వెనకే వరండాలోకి పోయాను.

“నేనెవురో లోపల ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“ఎట్లా చెప్పేదన్నా? పెద్దాయన ఇంటి మనిషిని నలుగురిలో తక్కువ చేసి ఆ కాగితం తీసుకుంటే, దాంతో ఆయన బొమ్మ ఎట్లా వేసుకునేది?”

లోపల ‘సార్’ అన్నవాడు బయట ‘అన్నా’ అన్నాడు. వాళ్ల నాయన నన్ను ‘చిన్నయ్యా’ అనేవాడు. అది గుర్తొచ్చి నాకు ముందు కోపం వచ్చింది, అంతా అయ్యాక కూడా. ఆయన మెట్లు దిగిపోయాడు. ఆ ఓర్పు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు అర్థమైంది. మా తాత దగ్గర నేను నేర్చుకోవలసింది ఈయన తీసుకుని పోయాడు. నాకు వచ్చింది నిటారు నడుం.

గదిలోకి వచ్చేసరికి మేడం ఒక్కతే ఉంది. ఫైలు సర్దుతోంది.

“కాగితం మీద సంతకంలో ఇంటిపేరు చూసినా సార్,” అంది. “మొదటి రోజే.”

“మరి పెద్దసారుకు చెప్పలేదెందుకు?”

“మీరే చెప్తారనుకున్నా. రోజూ అనుకున్నా, ఈరోజు చెప్తారు, ఈరోజు చెప్తారు అని.” ఫైలు తాడు ముడివేసింది. “అది నా తప్పే సార్. ఆయప్పకు మూడు రోజులు పోయినాయి.”

నేను ఆమెను ఎన్ని విషయాల్లో చూసి కుళ్లుకున్నానో పైన చెప్పాను. ఆ పూట ఇంకొకటి చేరింది. నా తప్పులో తన వాటా ఎంతో ఆమె ఒక్క వాక్యంలో చెప్పేసి, బ్యాగు భుజాన వేసుకుని అన్నానికి పోయింది.

మధ్యాహ్నం పని ఉందని చెప్పి బస్సెక్కి ఊరికి పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పాలకేంద్రం గోడ నీడలో తెర బండి నిలబెట్టారు. ఎండకు బొమ్మ వెలవెలబోతోంది. ముప్పై నలభై మంది చూస్తున్నారు. మా తాత గట్టు మీది నుంచి వచ్చాడు, పిల్లవాడి పక్కనుంచి తల తిప్పకుండా పోయాడు.

నా పక్కన నిలబడ్డ ముసలావిడ ‘హు’ అంది.

“పెద్దాయన అట్ల పోతాడా? ఎవురు చేపిచ్చినారో ఏమో. పిల్లోడు కనపడితే తలకాయ నిమరకుండా ఒక్క అడుగు ఏసేటోడు కాదు.”

“నువ్వు చూసినావా అవ్వా?”

“చూడకేమి? మా ఇంటాయన ఆయన చేన్లో శెనక్కాయ బుడ్డలు పెరకలేదా? నా కొడుకు తల నిమిరినాడు, నా కూతురు తల నిమిరినాడు. బడికి పోయినావేమే అని అడిగేటోడు. ఊర్లో ఏ బిడ్డనన్నా అడుగు.” నా వైపు తిరిగి కళ్లు చికిలించి చూసింది. “నువ్వెవురు నాయనా?”

“ఎలక్షన్ డ్యూటీ అవ్వా,” అన్నాను.

అంతవరకు ఒక్కడి మీదే ఉన్న అసూయ ఆ మాటతో ఊరంతా పాకింది. ఆ తెర చుట్టూ నిలబడ్డ నెరిసిన తలలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. వాటన్నిటి మీదా మా తాత చెయ్యి పడింది. అబద్ధమని నేను ఆపిన బొమ్మ నిజం చెప్పింది. నేను సరిచేయించి, సంతకం పెట్టి పంపిన బొమ్మ, మా తాత పసిపిల్లవాణ్ణి పలకరించకుండా పోయే మనిషని ఊరందరికీ చూపిస్తోంది. దాని మీద ఉన్న అనుమతి నంబరు నేను వేసి ఇచ్చిందే.

ఆ అభ్యర్థి ఓడిపోయాడు. నా మూడు రోజుల వల్లే ఓడిపోయాడని చెప్పలేను, కాదనీ చెప్పలేను. నేను అధికారికి జరిగినదంతా రాసి ఇచ్చాను. ఎన్నికలు అయిపోయాక ఇచ్చాను, అందువల్ల అది ధైర్యం కింద రాదు. ఆయన చదివి, “ముందే చెప్పి ఉంటే ఒక్క నిమిషం పనండీ” అని సొరుగులో పెట్టుకున్నాడు. నాకు ఒక మెమో వచ్చింది. దానికి జవాబు ఇచ్చాను. తరువాత కొన్ని నెలలకు రిటైరయ్యాను.

కొత్తగా ఆ గదిలో కూర్చునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. బొమ్మ ఎట్లా పుట్టిందో కనిపెట్టే పరికరాలు మీ దగ్గర ఉంటాయి, రోజూ కొత్తవి వస్తాయి. ఆ బొమ్మను చూస్తుంటే మీలో ఏం పుట్టిందో కనిపెట్టే పరికరం ఏదీ రాదు. తెరమీద మీ మనిషి కనిపిస్తే లేచి బయటికి పోండి. నడుం పట్టేసిందని చెప్పకండి.

పోయిన నెలలో ఆ అభ్యర్థి అనంతపురంలో మా ఇంటికి వచ్చాడు, కూతురి పెళ్లిపత్రిక ఇవ్వడానికి. కూర్చోమన్నాను. టీ ఇచ్చాను. మాటల్లో మాటగా, ఆ మొదటి వీడియో ఉందా అని అడిగాను. అడగడానికి నాకు అరగంట పట్టింది.

“ఎందుకు లేదన్నా?” అని ఫోన్ తీసి చూపించాడు. గట్టు, పంచె, పిల్లవాడు, చెయ్యి. నేను మూడుసార్లు చూశాను. ఆయన నన్ను చూస్తున్నాడని తెలిసి ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

“అన్నా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోగాకు,” అన్నాడు. “నీ చిన్నప్పటి ఫోటో ఒకటి ఉంటే ఇయ్యి. మా పిల్లోళ్లు పది నిమిషాల్లో చేస్తారు. నీ తలమీదా చెయ్యి పెట్టిస్తా. ఎవురికీ చూపియ్యద్దు లే, నువ్వే చూసుకో.”

ఎగతాళి కాదు. ఎగతాళి అయితే బయటికి పొమ్మని ఉండేవాణ్ణి. తన దగ్గర ఎక్కువగా ఉన్నదాంట్లోంచి కొంచెం తీసి ఇస్తున్నట్టు అడిగాడు.

“నా దగ్గర ఫోటో లేదప్పా,” అన్నాను.

ఉంది. ఆయన పోయాక బీరువా అడుగునుంచి తీశాను. ఏడో తరగతి పాసైనప్పుడు ఉరవకొండ స్టూడియోలో తీయించింది. మా తాత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను పక్కన చేతులు కిందికి చాచి, బిగుసుకుని నిలబడ్డాను. ఆయన చెయ్యి నాకు జానెడు దూరంలో కుర్చీ చేతిమీద ఉంది. వేళ్లు మెత్తగా, పట్టుకున్నట్టూ కాదు, వదిలినట్టూ కాదు, ఊరికే అట్లా వేసి ఉంచాడు.

ఆ జానెడు దూరాన్ని ఇప్పుడు ఎవరైనా పది నిమిషాల్లో చెరిపేయగలరు. నేను ఆయనకు ఫోన్ చేయలేదు. ఫోటోను మళ్లీ లోపల పెట్టనూ లేదు, బల్ల మీదే ఉంది. వయసు అరవై దాటింది, చూడవలసినవి చాలావరకు చూశాను. పొద్దున లేచి దాన్ని చూసినప్పుడల్లా, ఆ స్టూడియోవాడి పాత కుర్చీ మీద నాకు అసూయ కలుగుతూనే ఉంది.